మిర్చి యార్డు నుంచి లిమా వంటింటికి

పెరూ రాజధాని లిమాకి వెళ్ళేవాళ్ళు తిండి కోసం ఒక్క పూట డబ్బు పెట్టదలిస్తే, పొద్దున మార్కెట్టుకి తీసుకెళ్ళి మధ్యాహ్నానికి మన చేతే వండించే క్లాసుకి పెట్టండి. సాయంత్రం ఆరు చోట్లకి తిప్పి ఆరు ముద్దలు రుచి చూపించే టూరుకి పెట్టొద్దు. మేం రెండూ చేశాం. క్లాసుకైతే మళ్ళీ లిమా వెళ్ళినా మళ్ళీ వెళ్తాను. టూరు సంగతి కూడా రాస్తాను, ఇంట్లో శాకాహారులున్నవాళ్ళకి అది తెలియాలి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో 31 ఏళ్ళు పనిచేశాను. టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, నాలుగు కాయలు లాగి, రంగు చూసి, విరిచి, గింజ చూసి, తాలు (రంగు పోయిన నాసికాయ) ఎంతుందో అంచనా కట్టి, తేమ చేత్తోనే పోల్చుకుని ధర చెప్పడం నా పని. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. పోయిన మే నెలలో మేం అక్కడికి వెళ్తే, ‘నాన్నా, మిరపకాయ పుట్టిన వైపు ఒకసారి చూసొద్దాం’ అని 9 రోజులకి పెరూ తీసుకెళ్ళింది. మా ఆవిడ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నేను చేప, కోడి తింటాను, గొడ్డు మాంసం తినను. మా ముగ్గురిలో అన్నీ తినేది అమ్మాయి ఒక్కతే. కాబట్టి ఇక్కడ రాసేది మూడు రకాల నాలుకలు చూసిన సంగతి.

క్లాసు పేరు రాయడం లేదు. అదొక ఇంట్లో ఒక తల్లీ కూతురూ నడుపుకునే చిన్న క్లాసు. మిరాఫ్లోరెస్, బర్రాంకో పేటల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. పేరు కంటే ఎలాంటిది వెతుక్కోవాలో తెలిస్తే ఎక్కువ ఉపయోగం. మనిషికి 75 డాలర్లు తీసుకున్నారు. మొత్తం 8 మందిమి. పొద్దున 9:30కి సుర్కియో ఒకటో నంబరు మార్కెట్టు దగ్గర కలిశాం, మధ్యాహ్నం 3 దాటాక వదిలారు. తల్లి స్పానిష్‌లో చెప్తుంటే కూతురు ఇంగ్లీషులో చెప్పేది. మా అమ్మాయి అవసరమైన చోట మాకు తెలుగులో అందించింది.

సుర్కియో మార్కెట్టు మిరాఫ్లోరెస్‌కి ఆనుకునే ఉంటుంది, నడిచే వెళ్ళొచ్చు. లోపలికి అడుగుపెట్టగానే నా కాళ్ళు వాటంతట అవే మిరపకాయల వైపు పోయాయి. ఒక్క కొట్లోనే ఏడెనిమిది రకాలు. ‘అహీ అమరీయో’ అని ఒకటి. పేరుకి పసుపు మిరప, పండితే నారింజ రంగు. బొటనవేలంత లావు, జానెడు పొడుగు, కండ దట్టంగా ఉంటుంది. దాన్నే ఎండబెడితే ‘మిరసోల్’ అంటారు, ఎండ వైపు చూసేది అని అర్థమట. ‘అహీ పాంకా’ ఎండు కాయ, నల్లటి ఎరుపు, మన బ్యాడిగి రకం మిరప కన్నా ముదురు రంగు, ఘాటు చాలా తక్కువ. ‘అహీ లిమో’ చిన్నది, సెవిచే అనే పచ్చి చేప వంటలో వేసేది. ‘రొకోతో’ చూడ్డానికి చిన్న టమాటాలా గుండ్రంగా ఉంటుంది. కోస్తే లోపల గింజలు నల్లగా ఉన్నాయి. 31 ఏళ్ళలో నల్ల గింజల మిరపకాయ నేను చూడలేదు. అది వేరే జాతి అనీ, కొండల మీద చలిలో పెరుగుతుందనీ చెప్పారు. అడవుల వైపు నుంచి వచ్చే ‘చరపీతా’ అయితే శనగగింజంత పసుపు పూస.

నేను అలవాటు కొద్దీ ఒక అహీ అమరీయో విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. యార్డులో అలా పెడితే ముక్కు మండుతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అంతే. ఇక్కడ పండు వాసన వచ్చింది. మగ్గిన మామిడికాయ తొడిమ దగ్గర వచ్చే వాసన లాంటిది, పులుపు కలిసిన వాసన. ఇంకొకటి విరిచాను. అదే. పాంకా విరిస్తే ఎండు ద్రాక్ష, పొగ కలిసిన వాసన. లిమో విరిస్తే నిమ్మ తొక్క గిల్లినట్టు. నేను ఒక్కొక్కటే విరుస్తుంటే కొట్టు ఆవిడ కోప్పడలేదు. ఇండియా నుంచి వచ్చాడు, మిరపకాయల వ్యాపారం అని టీచరమ్మ చెప్పగానే ఆవిడే లోపల్నించి ఇంకో రెండు రకాలు తెచ్చి చేతిలో పెట్టింది.

యార్డులో మేం ధర కట్టేది ముఖ్యంగా రెండింటికి, రంగుకి, ఘాటుకి. తేజ రకం అయితే ఘాటు, బ్యాడిగి అయితే రంగు. ఎగుమతి చేసేవాళ్ళు ల్యాబ్‌లో ముఖ్యంగా చూపించేది కూడా ఆ రెండే. కాయ ముక్కిపోయిందా లేదా అని వాసన చూస్తాం కానీ, మంచి వాసన ఉందని ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చిన బేరం నాకు గుర్తు లేదు. ఇక్కడ ఆడవాళ్ళు మిరపకాయని వాసన చూసి కొంటున్నారు, మనం మామిడిపండు కొన్నట్టు.

ఆ మార్కెట్టులోనే ఇంకో మాట నేర్చుకున్నాను. కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ ఇద్దర్నీ ఒకే మాటతో పిలుచుకుంటారు, ‘కాసెరో’, ‘కాసెరీతా’ అని. వాడుక కొట్టు, వాడుక బేరం అంటాం కదా, ఆ చనువు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. తూకం అయ్యాక ‘యాపా’ అడగాలి. యాపా అంటే కొసరు. అచ్చంగా కొసరే. ఇది స్పానిష్ మాట కాదు, అక్కడి కొండజనం మాట్లాడే కెచువా మాట. మా ఆవిడకి ఇది చెప్పగానే ముఖం వెలిగిపోయింది. మార్కెట్టు నుంచి బయటికొచ్చేలోపు మూడు చోట్ల యాపా అడిగింది, మూడు చోట్లా ఇచ్చారు.

వంటింట్లో మొదటి పని మిరపకాయలు బాగుచేయడం. ఇక్కడే నాకు గుండె ఆగినంత పనైంది. కాయని నిలువుగా చీల్చి, గింజలు దులిపి, లోపలి తెల్ల ఈనెలన్నీ కత్తితో గీకి పారేయమన్నారు. ఘాటు ఉండేది గింజలో కాదు, ఆ ఈనెలోనే అని మా వృత్తిలో ఉన్న అందరికీ తెలుసు. అది పారేయమంటే ఎలా? అంతటితో ఆగలేదు. చీల్చిన కాయల్ని చన్నీళ్ళలో వేసి మరిగించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళు, మళ్ళీ మరిగించి, మొత్తం మూడుసార్లు. తర్వాత పైతోలు ఒలిచి, కాస్త నూనె పోసి మిక్సీలో మెత్తగా తిప్పారు. పసుపు పచ్చటి ముద్ద వచ్చింది.

ఉండబట్టలేక అడిగాను, ‘ఘాటంతా సింకులో పోసేశాక ఇంక మిరపకాయ ఎందుకమ్మా?’ అని. అమ్మాయి దాన్ని కాస్త మర్యాదగా మార్చి చెప్పి ఉంటుంది. టీచరమ్మ నవ్వి, ఘాటు కావాలనుకుంటే మాకు రొకోతో ఉంది, దీన్ని మేం కొనేది కండ కోసం, రుచి కోసం, అంది. ఆ ముద్దలోంచి ఒక చెంచా నా చేతిలో పెట్టింది. మొదట తీపి, తర్వాత ఆ పండు వాసన ముక్కులోకి ఎక్కింది, మింగాక గొంతులో నెమ్మదిగా ఒక వెచ్చదనం. మంట లేదు. మా ఆవిడ కూడా నాకి చూసి, ‘ఏమండీ, ఇందులో మామిడిపండు ఏమన్నా కలిపారా?’ అని అడిగింది. నేను పొద్దున మార్కెట్టులో అనుకున్నది ఆవిడకి చెప్పలేదు. ఆవిడ నాలుకకి అదే తగిలింది.

ఆ ముద్దతో రెండు వంటలు చేశాం. ఒకటి ‘వన్కాయినా’ సాస్. మిరప ముద్ద, అక్కడి పచ్చి జున్ను, ఉప్పు బిస్కట్లు, డబ్బా పాలు, నూనె కలిపి తిప్పి, ఉడికించిన బంగాళాదుంప చక్రాల మీద పోయడమే. ఇప్పుడు మిక్సీలో చేస్తున్నారు గానీ వాళ్ళ అమ్మమ్మ కాలంలో రాతి మీద నూరేవారట. ఆ రాయి ఇంట్లోనే ఉంది, చూపించారు. ‘బతాన్’ అంటారు. కింద వెడల్పాటి బండ, పైన అర్ధచంద్రంలా వంగిన బరువైన రాయి. మన పొత్రంలా ముందుకీ వెనక్కీ తోయరు, రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపుతారు. మా ఆవిడని ప్రయత్నించమన్నారు. రెండు నిమిషాల్లో లయ పట్టేసింది. సన్నికల్లు మీద చేయి తిరిగిన మనిషి కదా. ఆ పది నిమిషాలూ టీచరమ్మా ఆవిడా ఒకరి భాష ఒకరికి రాకుండానే నూరుకుంటూ కూర్చున్నారు. మొత్తం ప్రయాణంలో నాకు బాగా నిలిచిపోయినది అదే.

రెండోది ‘కౌసా’. అక్కడి పసుపు బంగాళాదుంప లోపల గుడ్డు సొనలా ఉంటుంది, ఉడికితే పిండిపిండిగా రాలిపోతుంది. వేడి మీదే చిదిమి, నిమ్మరసం, మిరప ముద్ద, నూనె, ఉప్పు వేసి చపాతీ పిండిలా మర్దించి, రెండు పొరల మధ్య ఏదో ఒకటి పెట్టి, చల్లగా తింటారు. అందరికీ కోడి, మా ఆవిడకి అవకాడో పెట్టారు. బంగాళాదుంపలో నిమ్మరసం పిండితే ఇంత బాగుంటుందని నాకు ఇన్నాళ్ళు తెలియదు. పెరూలో బంగాళాదుంప రకాలు 3,000 పైనే ఉన్నాయి. అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రం 1971 నుంచి లిమాలోనే ఉంది. టీచరమ్మ ఏ దుంప దేనికో చెప్తుంటే, మా ఇంట్లో మా అమ్మ ఏ బియ్యం పులిహోరకి, ఏ బియ్యం పరమాన్నానికి అని చెప్పే తీరు గుర్తొచ్చింది.

సెవిచే గురించి నిజం చెప్పాలి. పచ్చి చేప ముక్కలు నిమ్మరసంలో కలిపి తినడం అంటే, చేపని పసుపూ ఉప్పూ వేసి మూడు నీళ్ళు కడిగి పులుసు పెట్టుకునే ఇంట్లో పుట్టినవాడికి మొదటి ముక్క నోట్లో పెట్టుకోవడం కష్టం. నాకు టెన్షనే వచ్చింది. కానీ చేసిన పద్ధతి కళ్ళారా చూశాను కాబట్టి తినగలిగాను. చేప ఆ పొద్దున మా ముందే కొన్నారు. వాసన చూడమన్నారు, నీచు లేదు, సముద్రపు గాలి వాసన ఉంది. అంగుళం ముక్కలు కోసి ముందు ఉప్పు వేశారు. తర్వాత సన్నగా తరిగిన అహీ లిమో. చిన్న నిమ్మకాయల్ని సగం వరకే పిండమన్నారు, గట్టిగా పిండితే తొక్క చేదు దిగుతుంది. గిన్నెలో రెండు ఐసు ముక్కలు వేసి కలిపి తీసేశారు. చివర్న కడిగిన ఉల్లిపాయ చీలికలు. మొత్తం మూడు నాలుగు నిమిషాలు, వెంటనే పళ్ళెంలోకి. పక్కన ఉడికిన చిలగడదుంప, పెద్ద పెద్ద గింజల మొక్కజొన్న, ఇంకోవైపు వేయించిన మొక్కజొన్న గింజలు. పులుపు, కారం, ఉప్పు, వాటి పక్కన చిలగడదుంప తీపి. మూడో ముక్కకి భయం పోయింది. అడుగున మిగిలిన తెల్లటి రసాన్ని ‘లెచే దె తిగ్రె’ అంటారు, పులి పాలు అని. అది మాత్రం గ్లాసుతో ఇచ్చినా తాగేవాణ్ణి. చారు తాగినట్టే తాగాను.

ఒక జాగ్రత్త. సెవిచే మధ్యాహ్నం తిండి. పొద్దున వచ్చిన చేప మధ్యాహ్నానికి అయిపోవాలని వాళ్ళ లెక్క. మంచి సెవిచే హోటళ్ళు సాయంత్రానికి మూసేస్తారు. రాత్రి పూట టూరిస్టు వీధుల్లో దొరికేది తినకండి. గర్భిణులు, కడుపు సున్నితంగా ఉన్నవాళ్ళు అసలు వద్దు. ఈ సెవిచే సంప్రదాయాన్ని 2023 డిసెంబర్లో యునెస్కో తన జాబితాలో చేర్చిందని గోడ మీద కాగితం అంటించుకున్నారు. గర్వపడాల్సిందే.

పిస్కో సవర్ కూడా చేయించారు. పిస్కో అంటే ద్రాక్ష సారా. మూడు పాళ్ళు పిస్కో, ఒక పాలు నిమ్మరసం, ఒక పాలు పంచదార పాకం, గుడ్డు తెల్లసొన, ఐసు వేసి గిలక్కొట్టి, నురగ మీద మూడు చుక్కలు చేదు మందు లాంటిది వేస్తారు. పిస్కోని చెక్క పీపాల్లో నిలవ చేయరు, నీళ్ళు కలపరు. అందుకే రంగు ఉండదు. ఎనిమిది రకాల ద్రాక్షలతో, సముద్రం వైపున్న ఐదు ప్రాంతాల్లో మాత్రమే చేయాలని చట్టం. పేరు మాదంటే మాదని చిలీ దేశంతో పాత గొడవ. ఆ గొడవ మన ఢిల్లీ హైకోర్టు దాకా కూడా వచ్చింది. నాకు తాగే అలవాటు లేదు, ఒక గుక్క రుచి చూసి అమ్మాయికి ఇచ్చేశాను. మా ఆవిడకి ‘చిచా మొరాదా’ ఇచ్చారు. నల్లటి ఊదా రంగు మొక్కజొన్న పొత్తుల్ని అనాసపండు తొక్క, దాల్చినచెక్క, లవంగాలతో మరిగించి, చల్లార్చి, పంచదార, నిమ్మరసం కలుపుతారు. అక్కడున్నన్ని రోజులూ ఆవిడ పూటపూటా అదే తాగింది. మందు కాదు, పిల్లలకీ ఇస్తారు.

చివర్న పికరోనెస్. గుమ్మడికాయ, చిలగడదుంప ఉడికించి మెత్తగా చేసి, మైదా, ఈస్టు, సోంపు కలిపి పులియబెట్టిన జారు పిండి. చేయి నీళ్ళలో ముంచి, ఇంత పిండి తీసుకుని, బొటనవేలితో మధ్యలో బెజ్జం చేసి నూనెలోకి జారవిడవాలి. పొడవాటి పుల్లతో తిప్పి తీసి, బెల్లం పాకం పోస్తారు. ఆ బెల్లాన్ని ‘చంకాకా’ అంటారు, రంగూ వాసనా మన నల్ల బెల్లమే. ఇవి పాకం గారెలు కావంటే మా ఆవిడ ఒప్పుకోదు. ఆ క్లాసులో ఉన్న ఎనిమిది మందిలో గుండ్రంగా, బెజ్జం మూసుకుపోకుండా వేసింది ఆవిడొక్కతే. టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు సాయంత్రం టూరు సంగతి. మనిషికి 95 డాలర్లు, నాలుగు గంటలు, ఆరు చోట్లు. బుక్ చేసేటప్పుడే మా ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా తినదు అని అమ్మాయి రాసి పంపింది, సరేనని జవాబు కూడా వచ్చింది. మూడో చోట సూప్ ఇచ్చారు. మాంసం లేదు అన్నారు. రెండు చెంచాలు తాగాక అమ్మాయికి అనుమానం వచ్చి వంటవాణ్ణి అడిగితే, కోడి ఉడికించిన నీళ్ళతో చేశామని చెప్పాడు. మా ఆవిడ ఏమీ అనలేదు, ఆ తర్వాత ఆ రాత్రి ఇంకేమీ తినలేదు. గైడు క్షమించమని చాలాసార్లు అడిగాడు. కుర్రాడు మంచివాడే. కానీ ముందు రాసి పంపింది వంటింటి దాకా చేరకపోతే ఆ సరేనన్న మాటకి విలువేముంది? మిగతా చోట్ల రెండు చెంచాల తిండి, నాలుగు ఫోటోలు, ఏది ఎలా వండారో చెప్పే మనిషి లేడు. ఆఖరి గంట ఒక పిస్కో కొట్లో సీసాలు అమ్మడానికే సరిపోయింది. వాళ్ళకి అమ్మాయి ఈమెయిల్ రాసింది, ఒక మనిషి డబ్బులు వెనక్కిచ్చారు. ఆ మాట కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను.

శాకాహారులు ఇది గుర్తుపెట్టుకోండి. ‘సిన్ కార్నే’ అంటే మాంసం లేకుండా అని పుస్తకంలో ఉంటుంది. అక్కడ కార్నే అంటే చాలామందికి గొడ్డు మాంసమే, కోడి లెక్కలోకి రాదు. సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ కాల్దో దె పోయో అని నాలుగూ చెప్పాలి. పశుమాంసం, కోడి, చేప, కోడి రసం, నాలుగూ వద్దని. నా సంగతికొస్తే, వీధుల్లో ఘుమఘుమలాడుతూ కాలుస్తున్న ‘అంతికుచో’ పుల్లలు దగ్గరికి వెళ్ళి అడిగితే ఎద్దు గుండె అన్నారు. పాంకా మిరప, జీలకర్ర, వెనిగర్ పట్టించి నిప్పుల మీద కాలుస్తారు. అమ్మాయి తిని చాలా బాగుందంది. నేను వాసనతో సరిపెట్టుకున్నాను.

క్లాసు మర్నాడు మధ్యాహ్నం ఏ టూరూ లేకుండా ఒక మామూలు హోటల్లో ‘మెను’ తిన్నాం. సూపు, అన్నంతో ఒక వంట, ఒక చల్లటి డ్రింకు, అన్నీ కలిపి 18 సోల్‌లు. సోల్ అంటే మన లెక్కలో 20 రూపాయల పైమాటే. ఆఫీసు మనుషులూ, టాక్సీవాళ్ళూ తినే చోటు. ఆ సాయంత్రమే పాత ఊళ్ళో చైనావాళ్ళ పేట కాపోన్ వీధికి వెళ్ళి ‘చౌఫా’ తిన్నాం, అంటే ఫ్రైడ్ రైస్. అక్కడ చైనా హోటల్ని చీఫా అంటారు. సోయా సాస్‌ని ‘సియావ్’, అల్లాన్ని ‘కియోన్’ అంటారు, రెండూ చైనా మాటలే, స్పానిష్‌లో కలిసిపోయాయి. 1849 నుంచి చైనావాళ్ళని కూలి ఒప్పందాల మీద ఓడల్లో తెచ్చి చెరకు తోటల్లో పనికి పెట్టారు. వాళ్ళ పెనం మీద పుట్టిందే ఇప్పుడు పెరూ అంతా తినే లోమో సల్తాదో అనే గొడ్డు మాంసం వేపుడు. కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకి వెళ్ళిన మనవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళూ ఇలాగే మూటలో ఏ గింజలు కట్టుకెళ్ళారో అనిపించింది.

ఆండీస్ కొండల్లో ఉన్న కుస్కో ఊరి వైపు మూడు రోజులున్నాం. 3,400 మీటర్ల ఎత్తు. దిగిన రోజు కడుపు నిండా తినకండి, తల దిమ్మెక్కుతుంది. హోటల్లో కోకా ఆకుల టీ ఇస్తారు, మాకు పనిచేసింది. ఆ ఆకులు మాత్రం సంచిలో వేసుకుని రావొద్దు, అమెరికాలోనూ మన దేశంలోనూ నేరం. శాన్ పెద్రో మార్కెట్టులో జ్యూసు అమ్మే ఆడవాళ్ళు వరసగా కూర్చుంటారు. గ్లాసు తాగాక మిక్సీలో మిగిలింది యాపాగా మళ్ళీ పోస్తారు, అడగకపోయినా పోస్తారు. పళ్ళలో సగం మా ఆవిడకి చుట్టాలే. చిరిమోయా మన సీతాఫలం వంశం. పకాయ్ అని జానెడు కాయ, లోపల దూదిలాంటి తీపి గుజ్జు, సీమచింతకాయలాగే. నాగజెముడు పండు కూడా ఒలిచి అమ్ముతున్నారు.

అక్కడే మూలన నల్లగా, తెల్లగా రాళ్ళలాంటివి బస్తాల్లో ఉన్నాయి. చూన్యో అంటారు. బంగాళాదుంపల్ని కొండ మీద గడ్డకట్టే చలిలో రాత్రుళ్ళు ఆరుబయట పరిచి, పగలు ఎండలో పెట్టి, కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండేసి ఎండబెడతారు. ఏళ్ళ తరబడి నిలవుంటాయి. ‘ఒరుగులు!’ అంది మా ఆవిడ. ఆవిడ వంకాయ ఒరుగులు పెట్టేది ఎండకి, వీళ్ళు ఎండనీ చలినీ రెండింటినీ వాడుకున్నారు. రుచి మాత్రం మాకు నచ్చలేదు, మట్టి వాసన.

కుస్కో దగ్గరి లోయలో ఒక ఊరి కుటుంబం దగ్గర పచామంకా తిన్నాం. మనిషికి 90 సోల్‌లు. గొయ్యిలో రాళ్ళు ఎర్రగా కాల్చి, దుంపలు, చిక్కుడు కాయల్లాంటివి, మసాలా పట్టించిన మాంసం పొరలు పొరలుగా పేర్చి, ఆకులు, గుడ్డలు, మీద మట్టి కప్పేస్తారు. గంటకి తవ్వుతారు. మా ఆవిడ వాటా వేరే చిన్న గోతిలో పెట్టారు, మేం అడక్కుండానే. 95 డాలర్ల టూరు చేయలేనిది ఒక రైతు ఇంట్లో చేశారు. అందులో వేసే ‘వకతాయ్’ ఆకు నలిపి చూపిస్తే ఆవిడ వెంటనే బంతి ఆకు అంది. విచారిస్తే నిజంగా బంతి జాతి మొక్కేనట. మన గుమ్మాలకి కట్టే బంతిపూలు కూడా అమెరికా ఖండాల వైపు నుంచి వచ్చినవే.

మిరపకాయా అంతే కదా. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చి 500 ఏళ్ళు. అంతకు ముందు మనకి ఘాటంటే మిరియాలే. ఇప్పటికీ మా ఇంట్లో తద్దినం వంటకి మిరపకాయ వాడం, మిరియాలే. మన పొలాల్లో ఎక్కువగా పండేది ఒక జాతి. ఆ జాతినే మన రైతులు ఘాటుకీ రంగుకీ సానబెట్టి ప్రపంచానికి అమ్ముతున్నారు, అందులో నాకు గర్వం ఉంది. కానీ మిగతా జాతులూ, ఆ వాసనలూ చాలావరకు అక్కడే ఉండిపోయాయి. అవి పచ్చిగా ఉన్నప్పుడే తెలుస్తాయి. అమెరికాలో సీసాల్లో దొరికే అమరీయో పేస్టు తర్వాత కొని చూశాను, ఉప్పూ పులుపూ తప్ప ఆ వాసన సగం కూడా లేదు.

తెచ్చుకున్నవి పాంకా పొడి, మిరసోల్ పొడి, రెండూ సీలు వేసిన ప్యాకెట్లు. విత్తనాలు తేవాలని చాలా అనిపించింది, తేలేదు. అనుమతి లేకుండా విత్తనాలు తేవడం మన చట్టం ప్రకారం తప్పు, తెగులు ఏదన్నా వెంట వస్తే నష్టపోయేది మన పొలాలే.

మీరు క్లాసు బుక్ చేసుకునే ముందు వాళ్ళకి ఒక్క ప్రశ్న రాయండి. మిరపకాయలు మేమే చీల్చి, ఉడికించి, ముద్ద చేస్తామా, లేక సీసాలోంచి తీసి ఇస్తారా అని. సీసా అంటే ఇంకొకటి వెతకండి. మేమే చేయాలంటే, పొద్దున టిఫిను తక్కువ తిని, పొట్టి చేతుల చొక్కా వేసుకుని వెళ్ళండి. ఈనెలు గీకాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని గానీ కళ్ళు ముట్టుకోకండి. వాసన పండుదే అయినా ఈనెలో ఉన్నది మిరప ఘాటే.